అమీను గారి మన్ను

ఉప్పు కోసం దుకాణానికి వచ్చిన అడవి పల్లె దోర్ల మనిషి గంప దించుతూనే, "మీ ఇంట్ల ఉన్న అమీను పోయిండంట తల్లీ," అన్నాడు. గీదం సంతలో ఎవరో అనుకుంటుంటే విన్నాడట. ఎప్పుడు, ఎక్కడ, ఏం జబ్బు అని అడిగాను. అవేవీ తెలియవన్నాడు. తెలుసుకోవాలని ఉన్నట్టు కూడా లేదు. "పోనీ. మా ఊరు తీసిన మనిషి," అని, చింతపండు తూచమని గంప నా ముందుకు తోశాడు.

నేను తూచాను. అలవాటైన పని కనుక చేతులు వాటి మానాన అవి చేసుకుపోయాయి. ఆ మనిషి వెళ్ళిపోయాక మాత్రం గల్లా దగ్గర చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అమీను గారు ఎవరి ఊరూ తియ్యలేదు. ఆ ఊరిని నిలబెట్టాలని రెండేళ్ళు ఎండలో పడి తిరిగాడు. ఊరు పోవడానికి కారణం నేను. మా అత్తమామలు పోయాక ఈ సంగతి తెలిసినవాళ్ళు భూమ్మీద ఇద్దరే. అందులో ఒకరు ఇప్పుడు లేరు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. దాచాలని కాదు. మా మామగారిదీ ఆయనదీ ఒకటే పేరు. మామగారి పేరు కోడలి నోట రాకూడదు. గుళ్ళో ఆ పేరున్న దేవుణ్ణి కూడా నేను "ఆ స్వామి" అనే అనేదాన్ని. ఇన్నేళ్ళు పలకని పేరు ఇప్పుడు రాయబోతే చెయ్యి కదలడం లేదు. ఊరందరికీ ఆయన అమీను గారు, అంటే బస్తరు సంస్థానంలో భూములు కొలిచే చిన్న ఉద్యోగి. నాకూ అంతే.

మాది కోంట. శబరి ఒడ్డున ఉంటుంది. ఆ రోజుల్లో ఏరు దాటితే అవతల తెల్లవాళ్ళది, ఇవతల రాజుగారి సంస్థానం. మామగారిది ఉప్పు, ధాన్యం వ్యాపారం. అడవి పల్లెల వాళ్ళు చింతపండు, ఇప్పపువ్వు, గింజలు తెచ్చి ఉప్పు పట్టుకుపోయేవాళ్ళు. భద్రాచలం వైపు నుంచి ఆ ఇంటికి కోడలుగా వచ్చిన నాకు రెండు విద్యలు వచ్చు. ఒకటి అక్షరాలు, రెండోది చేట. అక్షరాలు ఆ ఇంట్లో ఎవరికీ అక్కర్లేకపోయాయి. చేట దగ్గర మాత్రం మా అత్తగారు కూడా నాకు చోటిచ్చి పక్కకు జరిగేది. సామల్లో రాయి, కొర్రల్లో గడ్డిగింజ, నువ్వుల్లో ఇసుక, ఏది కలిసినా నాలుగు విసుర్లలో వేరు చేసేదాన్ని. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువగానే ఉండేది. ఉన్నమాట ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను కనుక అదీ చెప్తున్నాను.

అమీను గారు దుకాణం పక్క గదిలో అద్దెకు దిగినప్పుడు ఆయనకు నలభై దాటి ఉంటాయి. పెళ్ళాం బిడ్డలు ఎక్కడో జగదల్‌పూర్ దగ్గర ఉండేవారని విన్నాం. పంచె మీద ఖాకీ కోటు వేసేవాడు. ఆ కోటు ఎప్పుడూ కుడివైపుకు వేలాడుతూ ఉండేది, కుడి జేబులో రాళ్ళూ కుండపెంకులూ ఉండేవి కాబట్టి. చాకలి మొత్తుకునేవాడు. "సార్, గుడ్డలు ఉతుకుమంటరా, రాళ్ళు ఉతుకుమంటరా?" అంటే, "రాళ్ళు మాత్రం ఉతక్కు నాయనా, నీకు పున్నెముంటది," అని గబగబా జేబు ఖాళీ చేసుకునేవాడు. ఆ మాట అప్పుడు నవ్వులాటకు అన్నాడనుకున్నాం.

ఇంట్లో నడిచినా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచేవాడు. గది నుంచి బావికి ఇరవై రెండు. ఒకసారి మా అత్తగారు దారిలో ఎదురై, "ఏందయ్యా అమీనూ, నీకు బిడ్డలు ఎందరు?" అని అడిగింది. "పదిహేడు," అన్నాడు. అత్తగారు నాలుగు రోజులు ఆ మాట చెప్పుకుని నవ్వింది. లెక్క తప్పిందని ఆ పూటే ఆయన మళ్ళీ గది గుమ్మం దాకా వెళ్ళి మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. అది చూసి ఇంకో నాలుగు రోజులు నవ్వింది.

మన్ను నాలుక మీద వేసుకునేవాడు. ఇది మేమందరం కళ్ళారా చూసిందే. చిటికెడు నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, "ఇది పొయ్యి మన్ను," అనేవాడు. లేకపోతే, "ఇది పశువుల కొట్టం," అనేవాడు. మామగారికి ఇది బొత్తిగా గిట్టేది కాదు. సర్కారు జీతం తింటూ మన్ను తినడం ఏం ఖర్మ అనేవాడు. ఆయన నొచ్చుకునేవాడు కాదు. "కాయితం రాసినోడి మాట చెప్తది మావా. పొయ్యి వండినోడి మాట చెప్తది," అనేవాడు. ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. ఆ మాట వస్తోందంటే మామగారు లేచి లోపలికి వెళ్ళిపోయేవాడు.

డబ్బిచ్చి మా ఇంట్లోనే భోజనం చేసేవాడు. అన్నం వడ్డిస్తుంటే, "అడుగున మాడింది ఉంటే ఇంత పెట్టు కోడలమ్మా," అని అడిగేవాడు. మా అత్తగారు ఊరుకునే మనిషా? "దానికేం కరువు లేదు నాయనా, మా కోడలు రోజూ మాడుస్తనే ఉన్నది," అనేది. నాకు తలకొట్టేసినట్టుండేది. ఆయన మాత్రం ఆ నల్లటి చెక్కను వేళ్ళతో విరిచి, వెలుతురుకు పెట్టి చూసి, "మాడిందే మిగుల్తదమ్మా. తెల్లగ ఉన్నదంత చెద తింటది, మన్ను తింటది. మాడిన గింజను ఏదీ తినది," అని తాను తినేవాడు. ఆ పిచ్చి ఎందుకో ఒకరోజు తానే చెప్పాడు.

ఏదో బంగళాలో దొరికిన ఇంగ్లీషు పత్రిక కాగితం ఒకటి ఆయన దగ్గర ఉండేది. మడతల దగ్గర చిరిగితే అన్నం మెతుకులతో అతికించుకున్నాడు. సముద్రాల అవతల ఒక ఎడారి ఉందట. అక్కడ ఇప్పుడు మనిషన్నవాడు లేడు. దొరలు ఇసుక తవ్వితే ఇళ్ళ గోడలు, గింజలు దాచిన గుంటలు, ఆ గుంటల్లో జానెడు కూడా లేని మొక్కజొన్న కంకులు బయటపడ్డాయట. వాటిని బట్టి ఇక్కడ ఊరుండేది, ఈ జనం పంట పండించి తిన్నారు, ఎవరికీ తెలియనంత పాతకాలంలో అని తేల్చారట. "రాజు పేరు లేదు, శాసనం లేదు, పట్టా లేదు. కంకి చెప్పింది అమ్మా, మేం ఇక్కడ ఉన్నమని," అన్నాడు. అన్నప్పుడు ఆయన గొంతు మారింది. "ఆడ వాన పడదు గనక కంకి కంకిలెక్కనే ఉన్నది. మనకాడ నాలుగు నెలల వాన. మాడింది ఒక్కటే మిగుల్తది."

ఆ ఎడారి కథ ఆయనకు ఎందుకు అంత పట్టుకుందో చెప్పాలంటే ఆ దోర్ల పల్లె సంగతి చెప్పాలి. కోంటకు పడమట నాలుగు కోసుల దూరంలో కొండవాలున ఇరవై ఇళ్ళ పల్లె. ఇంటి వెనక దడి కట్టి మొక్కజొన్న వేస్తారు, కొండ మీద పోడు కొట్టి సామలు, కొర్రలు చల్లుతారు. ఆ కొండను సర్కారు అడవిలో కలిపేశారు. పల్లె వాళ్ళను లేచి పొమ్మన్నారు. మేం తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్నామని వాళ్ళు, కాదు, అడవికి హద్దురాళ్ళు పాతాక దొంగతనంగా వచ్చి దిగారని అడవి ఆఫీసు పెద్ద సాహెబు. కాగితం ఏదీ లేదు. సరిహద్దు కొలవడానికి పోయిన అమీను గారు గొలుసు పక్కన పెట్టి, ఈ తగవు తన నెత్తిన వేసుకున్నాడు. తాను దూర కంత లేదు, మెడకో డోలు అని మామగారు ఎగతాళి చేశాడు.

ఆ పల్లెకు పెద్ద ఒక అవ్వ. మా దుకాణానికి వచ్చేది. మనిషి పొట్టి, మాట గట్టి. అమీను గారు ఒకరోజు మా అరుగు మీదే మొక్కజొన్న సంగతి ఆమెను అడిగాడు.

"మక్కలు మీకాడికి ఎవరు తెచ్చిండ్రు అవ్వా?"

"మా అవ్వకు అవ్వ తెచ్చింది. ఏరు ఆవలికెళ్ళి పెండ్లయి వచ్చినప్పుడు కొంగుల మూటగట్టుకొచ్చిందంట. గప్పటిదాంక మాకు సామలే, కొర్రలే. ఇప్పటికీ కొత్తల పండుగనాడు మొదటి కంకి ఆమె పేరు మీదనే తీస్తం."

ఆయన అరుగు మీద నుంచి లేచి నిలబడ్డాడు. ఎండలో ఊరికే అటూ ఇటూ నడిచాడు, ఈసారి అడుగులు లెక్కపెట్టకుండా. నాకు తర్వాత చెప్పాడు. ఇల్లు కాలినా, ఇంట్లో చావులు ఎక్కువైనా ఆ జనం అక్కడ ఉండరు. పక్కకు జరిగి కొత్త ఇల్లు కట్టుకుంటారు. కొన్నేళ్ళకు మళ్ళీ ఆ పాత పాడు మీదికే తిరిగి వస్తారు. కాబట్టి ఒకచోట తవ్వితే పొయ్యి కింద పొయ్యి, బూడిద కింద బూడిద ఉంటుంది.

తవ్వాడు. అవ్వే చోటు చూపించింది. అయిదు పొయ్యిలు ఒకదాని కింద ఒకటి తగిలాయి. పై మూడింటి బూడిదలో మాడిన మొక్కజొన్న గింజలు, సగం సగం కంకి బెండ్లు. కింది రెండింటిలో వెతికి వెతికి చూసినా మొక్కజొన్న లేదు, సామలూ కొర్రలే. ఆ సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా వంటింటి గుమ్మం ముందు చతికిలబడ్డాడు.

"కోడలమ్మా, మక్క ఏడ మొదలైందో ఆడ అవ్వకు అవ్వ ఆ ఊర్ల కాలు పెట్టినట్టు. ఆమె పెండ్లి జేసుకొని వచ్చిందంటె రావడానికి ఊరు ఉండాలె గదా? దాని కింద ఇంకా రెండు పొయ్యిలున్నయి. హద్దురాళ్ళు నిన్న మొన్నటియి. ఇగ సాహెబు ఏమంటడు?"

చిన్నపిల్లాడికి పండగ వచ్చినట్టుంది ఆయనకు. నేను మజ్జిగ ఇచ్చాను. ఆయన చెప్పింది విన్నాను కూడా. కానీ గింజల వ్యాపారి కోడలి చెవులతో విన్నాను.

సాహెబు కోంట దాకా వస్తానన్నాడట. కొండ దాకా నాలుగు కోసులు నడవనన్నాడు. అందుకని అమీను గారు ఒక్కో పొయ్యి నుంచి దాని బూడిద, మన్ను, గింజలు ఉన్నవి ఉన్నట్టే గట్టిగా గడ్డకట్టిన పెళ్ళలుగా తీసి, టేకు ఆకుల్లో అయిదు పొట్లాలు కట్టాడు. నార తాడుకు ముడులు వేశాడు, పైదానికి ఒకటి, అడుగుదానికి అయిదు. తాను సాహెబును తీసుకురావడానికి సుకుమా వెళుతూ ఆ పొట్లాలు నా చేతికి ఇచ్చాడు. "ఉట్టి మీద పెట్టమ్మా. తడవనీకు, ఎలుకలు కొట్టనీకు," అన్నాడు. విప్పవద్దని అనలేదు. అంత చెప్పాక ఆ మాట కూడా చెప్పాలని ఆయనకు తోచి ఉండదు.

మా ఇంట్లో గింజల మూట వస్తే ముందు విప్పుతాం. అది మాకు ఊపిరి తీసుకోవడంతో సమానం. మచ్చు చూపించే రోజయితే ఇక చెప్పక్కర్లేదు. మచ్చులో మన్ను కనబడిందా, ఎంత మంచి సరుకైనా కొనేవాడు మొహం తిప్పేస్తాడు. మామగారు నాకు ఆ ఇంట్లో నేర్పిన మొదటి పాఠం అది. రెండో రోజు మధ్యాహ్నం ఉట్టి కేసి చూశాను. అంత పెద్ద సాహెబు వస్తున్నాడు, మా అరుగు మీద కూర్చుంటాడు, ఈ పిచ్చి మనిషి ఆయన ముందు ఆకుల్లో బూడిద పోస్తాడు. మా ఇంటి పరువేం కాను? ఆయన పరువేం కాను? పాపం రెండేళ్ళు కష్టపడ్డాడు, గింజలు ఏరుకునే ఓపిక ఉండొద్దూ అనుకున్నాను. జాలిపడ్డాను కూడా. ఆ జాలి తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అయిదు పొట్లాలూ విప్పి ఒకే చేటలో పోశాను. పెళ్ళలు చిదిపాను. జల్లించాను. మన్ను దొడ్లో పారబోశాను. గింజల్ని గిన్నెలో నీళ్ళు పోసి కడిగితే అవి పైకి తేలాయి, వింతగా ఉండి అత్తగారిని పిలిచి చూపించాను. నీడలో ఆరబెట్టాను. రెండు మధ్యాహ్నాలు పట్టింది. మొక్కజొన్న ఒక కుప్ప, సామలు ఒక కుప్ప, కొర్రలు ఒక కుప్ప. ఇత్తడి పళ్ళెంలో తెల్లగుడ్డ పరిచి అందంగా పెట్టాను. ఆకులూ తాళ్ళూ పొయ్యిలో వేశాను. అత్తగారు చూసి, "ఇంత సన్నపు గింజ ఒక్కటి చితకలేదే!" అని మెచ్చుకుంది.

మర్నాడు పొద్దున పది గంటలప్పుడు సాహెబు బండి దిగాడు. అవ్వా, పల్లె మగవాళ్ళు ఏడెనిమిది మందీ అప్పటికే వచ్చి వీధిలో మా బండి పక్కన కూర్చున్నారు. అమీను గారు పెరటి వైపు నుంచి గబగబా వంటింటి గుమ్మంలోకి వచ్చి, "పొట్లాలు ఇయ్యమ్మా," అన్నాడు. నేను పళ్ళెం అందించాను. మెప్పు కోసం ఆయన ముఖంలోకి చూశాను.

ఆయన పళ్ళెం వైపు చూశాడు. ఉట్టి వైపు చూశాడు. "మన్నేదమ్మా?" అన్నాడు.

"పారబోసిన అమీను గారూ. ఎంత మన్నుందని!"

ఆయన గుమ్మం పట్టుకుని ఒక నిమిషం నిలబడ్డాడు. నాకు అప్పుడు, ఆ నిమిషంలో, మజ్జిగ ఇచ్చిన సాయంత్రం ఆయన చెప్పిన మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి అర్థమయ్యాయి. ఏ గింజ ఏ పొయ్యిదో ఇప్పుడు బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.  ఆయన పళ్ళెం తీసుకుని అరుగు మీదికి వెళ్ళాడు.

నేను దుకాణానికీ ఇంటికీ మధ్య తలుపు వెనక నిలబడ్డాను. సాహెబు హిందీలో మాట్లాడాడు. అంతా మాకు వచ్చిన భాషే. గింజ ఒకటి తీసి వేళ్ళ మధ్య నలిపి, "ఇది సబూతా?" అన్నాడు. "నిన్న ఎవరి పెనం మీదో వేయించి తెచ్చినవి కావని రుజువేంటి? మట్టి ఎక్కడ? ఏది కింద, ఏది పైన?" అమీను గారు తన కొలతల పుస్తకం తెరిచి చూపించాడు. "ఇది నువ్వు రాసిందే కదా," అన్నాడు సాహెబు. రెండు రోజులు గడువిస్తే ఇంకో గుంట తవ్వి, తమరి ముందే తీస్తానన్నాడు అమీను గారు. సాహెబు నవ్వాడు. "నువ్వు తవ్వితే నువ్వు పెట్టినవే దొరుకుతాయి. ఇంత శుభ్రంగా కడిగింది ఎవరు?"

 మామగారు తలుపు వైపు ఒకసారి చూశాడు. ఆయనకు అర్థమైంది. మా దుకాణం అడవి సరుకు మీద బతికేది, ఆ సాహెబుకు కోపం వస్తే చింతపండు గంప ఒకటి మా గుమ్మం తొక్కదు. నేను గడియ మీద చెయ్యి వేశాను. ఒక్క మాట చాలు. నేనే అయ్యా, తెలియక చేశాను, ఆయన కట్టిన పొట్లాలు నేను విప్పాను, మా అత్తగారు సాక్షి అంటే చాలు. పొట్లాలు ఉండేవని తెలిస్తే, గింజలు కలిపింది అలవాటు కొద్దీ చేట పట్టుకున్న ఒక ఇంటి కోడలని తెలిస్తే, ఆ మనిషి ఇంకో గుంటకు ఒప్పుకునేవాడేమో. ఒప్పుకోకపోయేవాడేమో. నాకు తెలియదు. తెలుసుకునే అవకాశం నేనే పోగొట్టాను. కోడలు అరుగు మీదికి రాకూడదన్నది సాకు. భయపడ్డాను, అంతే.

"నేనే కడిగించిన హుజూర్," అన్నాడు అమీను గారు. "హుజూర్ చూస్తరు గదా, శుభ్రంగ ఉండాలని. నా బుద్ధి తక్కువ."

సాహెబు లేచాడు. పల్లె ఖాళీ చెయ్యాలని అక్కడే చెప్పేశాడు, ఈ అమీను సంగతి జగదల్‌పూర్‌లో తేలుస్తానన్నాడు. బండి వెళ్ళిపోయాక వీధిలో నుంచి అవ్వ లేచి అరుగు దగ్గరికి వచ్చింది. పళ్ళెం కేసి చూసింది.

"సారూ, మా మన్ను ఏడబోయింది?"

"నా చేతుల్నే పోయింది అవ్వా. తప్పు నాదే."

"ఎంతిచ్చిండు సాహెబు నీకు?"

ఆయన గింజల మీద తెల్లగుడ్డ మడిచాడు. అవ్వ ఉమ్మి వెయ్యలేదు గాని, వేసినా అంత బాధ ఉండేది కాదు. వాళ్ళంతా ఒకరి వెనక ఒకరు నడిచి వెళ్ళిపోయారు. నేను అప్పటికీ తలుపు తెరవలేదు. వానలు పట్టకముందే కొండ మీద ఇళ్ళు పీకేశారు.

నెల తిరక్కుండా ఆయనకు నౌకరీ పోయిన కాగితం వచ్చింది. పోయే రోజున మామగారు దుకాణంలో ఉన్నాడు, అత్తగారు ఏటికి వెళ్ళింది. నేను పెరట్లో ఆయన ముందు నిలబడి ఏడ్చాను. క్షమించమని అడగడం కూడా సరిగ్గా రాలేదు. "మీరెందుకు నా పేరు చెప్పలేదు?" అన్నాను, తప్పు ఆయనదే అయినట్టు.

"నువ్వు ఈ ఇంట్లనే ఉండాలె గదమ్మా. నేను పోయేటోడినే," అన్నాడు. గుమ్మం దిగాక ఆగి, "రాత్రి ఆ గింజలు లెక్కవెట్టిన. పెళ్ళలల్ల కంటికి కనబడ్డయి ఎన్నో తవ్వినప్పుడే రాసుకున్న. సాహెబు నలిపింది పోను, అంతకు ఒక్క గింజ తక్కువ లే. ఏం ఓపికమ్మా నీది!" అన్నాడు. వెటకారం ఇంతైనా లేదు. నిజంగానే మెచ్చుకున్నాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు. నేను అడుసూ తొక్కాను, కాళ్ళూ ఆయన చేత కడిగించుకున్నాను.

ఆ తర్వాత ఆయన్ని నేను చూడలేదు. సంస్థానం పోయింది, రాజుగారి ముద్రలు పోయాయి, కొత్త ఆఫీసులు వచ్చాయి. మామగారు, అత్తగారు కాలం చేశారు. మా ఆయన సరుకుల కోసం తిరుగుతుంటే గల్లా మీద నేనే కూర్చుంటున్నాను. నా నోటికి తాళం వేసేవాళ్ళు ఎవరూ లేకుండా పోయి చాలా ఏళ్ళయింది. అయినా చెప్పలేదు. ఆయనకు ఉత్తరమైనా రాసి ఉండొచ్చు, అక్షరాలు వచ్చు కదా. రేపు రాద్దాం అనుకుంటూ వచ్చాను. ఆ రేపు చింతపండు గంపతో పాటు వచ్చిన కబురుతో ముగిసిపోయింది.

వారం తిరిగాక బండి కట్టించుకుని ఆ పల్లె వాళ్ళు ఇప్పుడు ఉన్నచోటికి వెళ్ళాను. నేల రాళ్ళమయం, నీళ్ళు దూరం. అవ్వ ఇంకా బతికే ఉంది. చూపు లేదు. ఇంటి ముందు కూర్చుని మొక్కజొన్న వలుస్తోంది. ఆమె కోడళ్ళు, కొడుకులు చుట్టూ చేరారు. ఎవరని అడిగితే కోంట ఉప్పు దుకాణం కోడలినన్నాను. కూర్చోమంది. నేను నిలబడే చెప్పాను.

"అవ్వా, ఆ మన్ను పారబోసింది నేను. గింజలు కలిపింది నేను. అమీను గారు పైసా తీసుకోలేదు. నన్ను కాపాడడానికి నింద తన మీద వేసుకున్నాడు."

అవ్వ చేతులు ఆగలేదు. ఒక కంకి అయిపోయింది. ఇంకోటి తీసుకుంది.

"నువ్వా?"

"నేనే."

"మన్ను పారబోసింది నువ్వని ఆయనకు ఎరుకేనా?"

"ఎరుకే. నాతో కూడా ఒక్క మాట అనలేదు."

అవ్వ కంకి ఒళ్ళో పెట్టుకుంది. ఆమె నన్ను తిడుతుందని, తిడితే బాగుండునని ఎదురుచూశాను.

"మేం ఈడికొచ్చిన మొదటేడు, వానల్ల, ఆయన వచ్చిండు బిడ్డా," అంది. "నడుచుకుంట వచ్చిండు. ఇండ్లు ఎట్ల వేసుకున్నరో చూసి పోత అన్నడు. ఒళ్ళు కాలిపోతున్నదంట, జెరం. అగో, ఆ రాయి మీద కూసున్నడు. దూపైతున్నది, ఇన్ని నీళ్ళు పొయ్యమన్నడు. పొద్దుగూకేదాంక కూసున్నడు."

ఆమె ఒళ్ళోని కంకిని చేతిలోకి తీసుకుంది. మళ్ళీ పక్కన పెట్టింది.

"మా చిన్న కోడలు చెంబు పట్టుకొని లేచింది. నేనే దాన్ని కూసోమన్న."